మోసుకెళ్లే యాత్ర కాదు, వెళ్లగలిగే యాత్ర
(జూలూరుపాడులో చేసిన స్మారకోపన్యాసం)



ఈ సభ ఏ మాస్టారి జ్ఞాపకార్థం జరుగుతోందో ఆయన వెనకబల్ల పిల్లవాడికి అర్థమయ్యేదాకా పాఠం ముందుకు జరిపేవారు కాదని శిష్యులు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయన పేరున మాట్లాడమని అడిగినప్పుడు, మన యాత్రల్లో వెనకే ఉండిపోయిన మనుషుల గురించి మాట్లాడాలనిపించింది. కాళ్లు సహకరించనివాళ్లు, చూపు లేనివాళ్లు, వినపడనివాళ్లు, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలు, వాళ్లను ఒక్క క్షణం వదలలేని తల్లులు, వయసు మీద పడ్డ పెద్దలు. వీళ్లందరికీ ఊరు దాటి ఒక చోటు చూసిరావాలన్న కోరిక మనకున్నంతే ఉంది. ఆ కోరిక తీరే దారి గురించే ఈ నాలుగు మాటలు.

గడప దగ్గర మొదలయ్యే యాత్ర

ఖమ్మం నుంచి వైరా, తల్లాడ, ఏన్కూరు మీదుగా కొత్తగూడెం వెళ్లే దారిలో ఉంది మన జూలూరుపాడు. ఇటు పత్తి, మిర్చి చేలు, అటు అడవి. భద్రాద్రి రాముడు, పర్ణశాల, పాల్వంచ దగ్గర కిన్నెరసాని జలాశయం, గోదావరి మీద పాపికొండలు. ఎక్కడెక్కడి నుంచో జనం సెలవులు పెట్టుకుని వచ్చి చూసే చోట్లు మనకు ఇరుగుపొరుగు. అయినా శ్రీరామనవమి నాడు మిథిలా స్టేడియంలో జరిగే కల్యాణాన్ని ఏటా టీవీలో తప్ప చూడని మనుషులు మన వాడల్లోనే ఉన్నారు. భక్తి లేక కాదు, దారి లేక.

మోకాళ్లు అరిగిన ఒక నాయనమ్మ భద్రాచలం బయల్దేరిందనుకుందాం. మొదటి అడ్డు గుడి మెట్లు కాదు. ఇంటి నుంచి రోడ్డు దాకా సిమెంటు దారి పక్కన తెరిచి ఉన్న కాలువ. తర్వాత బస్సు మెట్టు. 2023 డిసెంబరు 9 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితమైంది. ఎంతో మంచి పని అది. చేతిలో పైసా లేని తల్లులు కూడా దేవుణ్ణి చూసి వచ్చారు. అయితే టికెట్ భారం పోయిందిగానీ మెట్టు ఎత్తు పోలేదు. కమ్మీ పట్టుకుని ఒంటిని పైకి లాక్కోగలిగినవాళ్లకే ఆ ఉచితం అందుతోంది.

రైల్లో వచ్చేవాళ్ల సంగతీ చూడండి. భద్రాచలం రోడ్ అని పేరున్న స్టేషన్ కొత్తగూడెంలో ఉంది. అక్కడి నుంచి రాముడి సన్నిధికి ఇంకా 40 కిలోమీటర్లు. చక్రాల కుర్చీ మనిషి రైలు దిగడం ఒక ఎత్తు, అక్కడి నుంచి బస్సు ఎక్కడం మరో ఎత్తు. ఆ తర్వాత భద్రగిరి మెట్లు, గోదావరి ఘాట్ల మెట్లు. మధ్యలో మరుగుదొడ్డి. దారిలో వాడుకోదగ్గ మరుగుదొడ్డి ఉంటుందో లేదోనని ముందురోజు సాయంత్రం నుంచే నీళ్లు తాగడం మానేసే ఆడవాళ్లు ఎందరో. వికలాంగురాలైన ఆడమనిషికి ఆ కష్టం రెట్టింపు. గుడి ముందు ఎంత చక్కని ఏర్పాటు చేసినా, బస్సు ఎక్కలేని మనిషికి అది అందదు. వీటిలో ఏ ఒక్కటి కుదరకపోయినా మొత్తం ప్రయాణం ఆగిపోతుంది.

భుజం మీది కావడి

మన పల్లెల్లో దయకు కొదవ లేదు. మెట్ల దగ్గర ఒక మనిషి ఆగిపోతే నలుగురు కుర్రవాళ్లు పరుగెత్తుకొచ్చి కుర్చీతో సహా ఎత్తి పైకి చేరుస్తారు. ఆ చేతులకు దండం. రోడ్డు లేని గూడేల నుంచి నిండుచూలాలిని డోలీలో మోసుకొచ్చి ఆసుపత్రికి చేర్చే కోయ అన్నల భుజాలకు దండం. కానీ ఎత్తబడే మనిషి వైపు నుంచి ఒక్కసారి ఆలోచించండి. ఎవరో ముక్కూమొగం తెలియని మగవాళ్లు పట్టుకుని లేపుతుంటే ఆడకూతురు ఎంత కుంచించుకుపోతుంది? పడిపోతానేమోనన్న భయం పైకి చెప్పుకోలేదు. 'ఇంకాసేపు ఈ మండపంలో కూర్చుంటాను' అని అడగలేదు, మోసేవాళ్లు ఎదురుచూస్తుంటారు గనక. పైగా బ్యాటరీతో నడిచే చక్రాల కుర్చీని మనిషితో సహా ఎత్తడం నలుగురికైనా తేలిక కాదు.

శ్రవణకుమారుడి కథ మనలో తెలియనివాళ్లు లేరు. అంధులైన తల్లిదండ్రులను కావడిలో కూర్చోబెట్టుకుని తీర్థయాత్రలు తిప్పిన కొడుకు. తరతరాలుగా ఆ కథను పితృభక్తికి గుర్తుగా చెప్పుకుంటున్నాం. అది నిజమే. అందులోనే ఇంకో సంగతీ ఉంది. దశరథుడి బాణం తగిలి కొడుకు కూలిపోగానే ఆ వృద్ధుల యాత్ర అక్కడితో ముగిసింది, ప్రాణాలూ అక్కడితోనే పోయాయి. ఒక్క భుజం మీద ఆధారపడిన ప్రయాణం ఆ భుజం ఉన్నంతవరకే. ఈనాడు మన ఊళ్లలో కొడుకులు హైదరాబాదులోనో, దుబాయిలోనో ఉంటున్నారు. కావడి మోసే శ్రవణులు ఇంటింటా ఉండరు. కొడుకు పక్కన లేకపోయినా తల్లి తన యాత్ర తాను చేసుకోగలిగేలా దారులు కట్టడమే ఈ కాలపు పితృభక్తి.

దారి వేయడం దయ కాదు. భద్రాచలం దగ్గర గోదావరి మీద 1965లో వంతెన వచ్చింది. అంతకుముందు నది దాటాలంటే పడవలూ లాంచీలే. ఆ వంతెన చూసి 'ఈత రానివాళ్ల కోసం కట్టించిన ఉపకారం' అని ఎవరూ అనలేదు. అందరికీ కావలసిన దారి అనుకున్నాం, ప్రభుత్వ సొమ్ముతో కట్టుకున్నాం. మెట్ల పక్కన ఏటవాలు దారి కూడా అచ్చంగా అలాంటిదే. హైదరాబాద్ మెట్రో స్టేషన్లలో లిఫ్టులున్నాయి. వాటిలో ఎక్కేవాళ్లు వికలాంగులే కాదు. పెట్టెలు మోసుకొచ్చినవాళ్లు, చంకలో బిడ్డ ఉన్న తల్లులు, గుండె ఆపరేషన్ అయిన పెద్దలు, కాలు బెణికిన కుర్రవాళ్లు, అందరూ ఎక్కుతున్నారు.

చట్టం ఏమంటోంది

2011 జనగణన లెక్కలో దేశంలో వికలాంగులు 2 కోట్ల 68 లక్షలు. తెలంగాణ ప్రాంతంలోనే 10 లక్షలకు పైబడి ఉన్నారు. 60 ఏళ్లు దాటినవాళ్లు దేశంలో 10 కోట్లకు పైగా. బతికుంటే మనమందరం చేరబోయే లెక్క ఇది.

వికలాంగుల సాంస్కృతిక జీవితం, వినోదం, విహారం గురించి ఐక్యరాజ్యసమితి ఒడంబడికలో 30వ అధికరణం ఉంది. భారతదేశం 2007లో ఆ ఒడంబడికను ఆమోదించింది. తర్వాత 2016లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది. 1995 నాటి చట్టం 7 రకాల వైకల్యాలనే గుర్తిస్తే ఇది 21 రకాలను గుర్తించింది. ప్రజలు వాడే పాత భవనాలన్నిటినీ, నియమాలు వెలువడిన ఐదేళ్లలోపు, అందరూ వాడుకోగలిగేలా మార్చాలని 45వ సెక్షన్ చెప్పింది. నియమాలు 2017 జూన్‌లో వచ్చాయి. అంటే 2022 జూన్‌తోనే ఆ గడువు దాటిపోయింది.

ఇందులో మన గడ్డ మీది సంస్థకూ పాత్ర ఉంది. చూపులేని రాజీవ్ రతూరి 2005లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. రోడ్లు, బస్సులు, భవనాలు తనలాంటివాళ్లు వాడుకోగలిగేలా ఉండాలన్నది ఆయన వ్యాజ్యం. క్షేత్రస్థాయిలో పరిస్థితి ఎలా ఉందో చూసి చెప్పే పనిని కోర్టు హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలోని వికలాంగుల అధ్యయన కేంద్రానికి అప్పగించింది. చివరికి 2024 నవంబరు 8న తీర్పు వచ్చింది. ప్రమాణాలను కేవలం సలహాలుగా వదిలేసిన 15వ నియమం మూల చట్టానికే విరుద్ధమని, తప్పనిసరిగా పాటించాల్సిన నియమాలను మూడు నెలల్లో రూపొందించాలని కోర్టు చెప్పింది. ఇష్టముంటే పాటించవచ్చు, లేకపోతే లేదు అనే హక్కు హక్కే కాదని ఆ తీర్పు సారం. గుడి అధికారికో, బస్సు డిపోకో, పర్యాటక శాఖకో మనం అర్జీ పెట్టుకునేటప్పుడు ఈ తీర్పును ధైర్యంగా ముందు పెట్టుకోవచ్చు.

పాత రాయి, కొత్త దారి

పురాతన కట్టడాల మాట వస్తే 'శిల్పం చెడిపోతుంది, ఏం చేయలేం' అనే జవాబు వినిపిస్తుంది. పాలంపేట రామప్ప గుడిని తీసుకుందాం. 2021 జులైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. నక్షత్రాకారంలో దాదాపు 6 అడుగుల ఎత్తున్న పీఠం మీద ఉంటుంది. చక్రాల కుర్చీ క్షేమంగా ఎక్కాలంటే ఒక అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవున ఏటవాలు ఉండాలన్నది ప్రమాణం. అంటే 6 అడుగులకు 72 అడుగులు, మధ్యలో ఆగి ఊపిరి తీసుకునే చదును చోట్లు కలిపితే ఇంకొంచెం ఎక్కువ. రాయిని తొలవకుండా, పక్కన నిలబెట్టి ఎప్పుడైనా తీసేయగల కర్ర, ఇనుప చట్రాలతో ఇది సాధ్యమే.

ఇదేమీ వట్టి ఊహ కాదు. 2001 జనవరిలో శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ ఢిల్లీ వచ్చారు. వికలాంగుల హక్కుల కోసం పోరాడిన జావెద్ అబిదీ పట్టుబట్టి అడగడంతో ఎర్రకోట, కుతుబ్ మినార్, హుమాయూన్ సమాధి, జంతర్ మంతర్ దగ్గర చెక్క ర్యాంపులు వేశారు. శతాబ్దాలుగా కుదరదనుకున్నది ఒక అతిథి కోసం కుదిరింది. ఏథెన్స్‌లో కొండ మీది ఆక్రోపోలిస్ మన రామప్ప కంటే ఎన్నో శతాబ్దాలు పాతది. అక్కడ 2020 డిసెంబరులో కొత్త లిఫ్టు ప్రారంభించారు. 

ర్యాంపు కట్టామని చెప్పుకోవడానికి నిటారుగా పోసిన సిమెంటు వాలు మాత్రం దారి కాదు. దాని మీద చక్రం ఎక్కదు, ఎక్కినా దిగేటప్పుడు ఆగదు. అలాగే చూడటం కళ్లతోనే కాదు. భద్రాద్రిలో రామదాసు చేయించిన చింతాకు పతకం, కలికితురాయి గురించి చెవులారా వింటూ పెరిగినవాళ్లం. ఆ నగల నమూనాలను చేత్తో తడిమి చూసే వీలుంటే, చూపులేని బిడ్డ వేళ్లకు ఆ కథ అందుతుంది. పాపికొండల పడవలో జాగ్రత్తలను మైకులో చెప్పి వదిలేస్తే వినపడని మనిషికి ఏం తెలుస్తుంది? 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పడవ మునిగి జరిగిన ఘోరం తర్వాత ఆ జాగ్రత్తల విలువ మనకు వేరే చెప్పనక్కర్లేదు. బొమ్మల్లో, సైగల్లో కూడా చెప్పాలి. వినపడని ప్రయాణికుడి ప్రాణం విలువా అంతే కదా.

మనసులో మెట్లు

డబ్బుతో కట్టలేనిది ఒకటుంది, అది మన నడవడి. చంకకర్రల మీద నడిచే భక్తుడు మెట్ల మీద కాసేపు కూర్చుంటే చేతిలో రూపాయి బిళ్ల పెట్టి పోయేవాళ్లున్నారు. దేవుణ్ణి చూడటానికి వచ్చిన మనిషిని భిక్షగాణ్ణి చేశాం. హోటల్లో ఆయన ఎదురుగానే ఉండగా పక్కనున్న భార్యను 'ఈయనేం తింటాడు' అని అడుగుతాం. గదులు అడిగితే 'మీకెందుకు శ్రమ' అంటాం. చంకకర్రల మీదే నడిచిన జైపాల్ రెడ్డి గారు కేంద్ర మంత్రిగా దేశాన్ని నడిపారు. వరంగల్ జిల్లా కల్లెడ బిడ్డ, బుద్ధిమాంద్యంతో ఊళ్లో హేళనలు పడ్డ దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం గెలిచింది. అలాంటివాళ్లను చూసి చప్పట్లు కొడతాం. కానీ పతకం గెలిచినవాళ్లకే గౌరవం, మిగతావాళ్లకు జాలి అనే లెక్క కూడదు. ఏ పతకమూ లేని మామూలు మనిషికి మామూలుగా తిరిగే హక్కు ఉండాలి.

వ్యాపారం చేసేవాళ్లకు ఇంకో మాట. వికలాంగుడు చాలాసార్లు కుటుంబంతోనే వస్తాడు. ఒక్కరికి గది అందుబాటులో లేకపోతే ఆ కుటుంబం మొత్తం ఇంకో ఊరు వెళుతుంది.

పుష్కరాల లోపు

2015 తర్వాత గోదావరి పుష్కరాలు 2027లో వస్తున్నాయి. పుష్కరం పన్నెండేళ్లకోసారి. ఈసారి ఘాట్ మెట్లు దిగలేక వెనుదిరిగే 70 ఏళ్ల తల్లికి మళ్లీ అవకాశం వచ్చేది 82వ ఏట. 'వచ్చేసారి చూద్దాం' అని ఆమెతో అనే అధికారం మనలో ఎవరికీ లేదు.

అందుకే ఈ సభ ముందు మూడు పనులు పెడుతున్నాను. మన మండలంలోని వికలాంగులు, వృద్ధులు కొందరు జూలూరుపాడు బస్సు ఆగే చోటి నుంచి గోదావరి ఘాట్ దాకా స్వయంగా ప్రయాణించి, ఎక్కడ ఏ మెట్టు ఆపిందో, ఏ మరుగుదొడ్డి తలుపులో చక్రాల కుర్చీ పట్టలేదో రాయాలి. ఆ పరిశీలన వాళ్లే చేయాలి, వాళ్ల తరఫున మనం కాదు. రెండో పని, ఆ కాగితాన్ని ఆర్టీసీకి, దేవాదాయ శాఖకు, పర్యాటక శాఖకు, జిల్లా కలెక్టరుకు అందించి, పుష్కర పనుల అంచనాల్లోనే చేర్చమని అడగాలి. కట్టిన తర్వాత పగలగొట్టి సరిదిద్దడం కంటే కట్టేటప్పుడే కట్టడం ఖర్చు తక్కువ. మూడోది ఇళ్లలో జరగాల్సింది. యాత్రకు పేర్లు రాసేటప్పుడు 'ఆమె రాలేదులే' అని మనమే తీర్మానించకుండా ఆమెనే అడుగుదాం.

వెనకబల్ల దాకా పాఠం చేరేవరకు ఆగిన మాస్టారికి మనం ఇవ్వగలిగిన నివాళి ఉపన్యాసం కాదు, ఈ పని. పరిశీలనకు పేర్లు ఇవ్వదలచినవాళ్లు సభ ముగియగానే వేదిక దగ్గరికి రండి. మెట్లు ఎక్కలేనివాళ్లు ఉన్నచోటే కూర్చోండి, మేమే మీ దగ్గరికి వచ్చి రాసుకుంటాం.