బట్టలారబెట్టే యంత్రానికి ఆయుర్దాయమెంత?

మన ఇండ్లలో దండెమనేదాన్ని ఎవరూ ఒక వస్తువుగా లెక్కపెట్టరు. రెండు కొక్కేలు, ఒక తాడు. తాడు తెగితే మరొక తాడు. ఎండ ఉచితంగా లభించే దేశంలో బట్టలారడానికి ఒక యంత్రమూ, ఆ యంత్రానికి మరమ్మతూ, ఆ మరమ్మతుకొక బిల్లూ ఉండగలవన్న సంగతి మన పెద్దలకు తోచనైనా తోచలేదు. కాని నేడు మన శ్రోతల కుటుంబాలలో ఎన్నింటికో అమెరికాలోనో, ఇంగ్లండులోనో కాపురమున్న కుమారుడో కుమార్తెయో ఉన్నారు. వారి ఇండ్లలో ఆ యంత్రమున్నది. అక్కడ ఆరు నెలలుండి వచ్చిన తల్లిదండ్రులకు దాని గుడగుడ ధ్వని సుపరిచితమే. "కొని పన్నెండేళ్లయింది, ఇప్పుడు కీచుమంటున్నది, బాగుచేయించడమా, పారవేయడమా?" అన్న ప్రశ్న అక్కడ ప్రతి ఇంటా ఏదో ఒక రోజున పుడుతుంది. ఆ ప్రశ్ననే నేడు కొంచెం విచారిద్దాము.

అక్కడ మాత్రం దండెం కట్టుకోరాదా అని మీరడగవచ్చు. చలికాలపు మంచు ఒక కారణం. అంతకంటె విచిత్రమైన కారణం మరొకటున్నది. అమెరికాలో అనేక గృహస్థుల సంఘాలు పెరట్లో బట్టలు వ్రేలాడదీయడం చూపుకు బాగుండదని నిషేధించాయి. ఫ్లోరిడా, కాలిఫోర్నియా వంటి కొన్ని రాష్ట్రాలలో ఎండలో బట్టలారవేసుకొనే హక్కును కాపాడడానికి చట్టమే చేయవలసివచ్చింది. సూర్యభగవానుని వాడుకోవడానికి శాసనం కావలసివచ్చిందంటే మనకు నవ్వు రావచ్చుగాని, అక్కడివారికి అది న్యాయస్థానాల వ్యవహారమే.

ఈ యంత్రం పుట్టుక మరీ నిన్న మొన్నటిది కాదు. 1800 ప్రాంతంలో ఫ్రాన్సులో పోషాన్ అనే ఆయన రంధ్రాలున్న పీపాలో తడిబట్టలుంచి, నిప్పుమీద చేతితో త్రిప్పే సాధనమొకటి చేశాడు. బట్టలారేవట, పొగకంపు కూడా పట్టేవట. విద్యుచ్ఛక్తితో నడిచే గృహయంత్రానికి రూపమిచ్చినవాడు నార్త్ డకోటా రాష్ట్రపు జె. రాస్ మూర్. విస్కాన్సిన్‌లోని హామిల్టన్ కంపెనీ 1938లో దానిని 'జూన్ డే' అనే పేరుతో విక్రయానికి పెట్టింది. జూన్ మాసపు ఎండ అన్నమాట. మన జూన్ ఎండ ఎరిగినవారు ఆ పేరు పెట్టరు.

ఇక ఆయుర్దాయం మాట. అమెరికా గృహనిర్మాతల జాతీయ సంఘం 2007లో ఇంటి సామగ్రి మన్నికపై ఒక నివేదిక వెలువరించింది. అందులో బట్టలుతికే యంత్రానికి 10 ఏండ్లు, ఆరబెట్టే యంత్రానికి 13 ఏండ్లు అని వేశారు. ఉతికే యంత్రం నీటితో, సబ్బుతో, అతివేగంతో పోరాడుతుంది. ఆరబెట్టేది నెమ్మదిగా తిరిగే డబ్బా. అందుచేత దీనికి మూడేండ్లు ఎక్కువ దక్కడం న్యాయమే. సాధారణంగా వ్యాపారులు చెప్పేది 10 మొదలు 13 ఏండ్లు.

నన్నడిగితే ఈ యంత్రం వయస్సును ఏండ్లలో లెక్కించడమే పొరపాటు. ఎడ్లబండి చక్రానికి వయస్సు సంవత్సరాలలో చెప్పము గదా, తిరిగిన కోసులలో చెబుతాము. ఇదీ అంతే. అమెరికా ప్రభుత్వపు ఇంధనశాఖ తన పరీక్షల కొరకు సగటు ఇంటికి ఏడాదికి 283 వాయిలని లెక్క వేసుకున్నది. ఐరోపాలో 2012 నాటి నిబంధనలు ఏడాదికి 160 మాత్రమే అనుకున్నాయి. అక్కడివారికి తాళ్లమీద ఆరవేసే అలవాటు ఇంకా పోలేదు. ఈ 283నూ పై 13 ఏండ్లనూ గుణిస్తే 3,679 వాయిలవుతాయి. ఈ రెండు అంకెలూ వేరువేరు చోట్లనుండి తెచ్చినవే. అయినా మనకొక కొలబద్ద దొరికింది. ఇద్దరు పిల్లలున్న ఇంట రోజుకొక వాయి చొప్పున నడిపితే ఆ ఆయుస్సు పదేండ్లలో తీరిపోతుంది. వారానికి రెండుమార్లు మాత్రమే వాడే దంపతులకు లెక్కప్రకారం 35 ఏండ్లు రావాలి. కాని రావు. రబ్బరు ఊరకున్నా ఎండిపోతుంది, గ్రీజు గట్టిపడుతుంది, విడిభాగాలు అంగళ్లలో దొరకకుండా పోతాయి. కాబట్టి అమెరికాలో పిల్లలున్న తెలుగువారింటి యంత్రానికి పదేండ్లు నిండితే అది అల్పాయుష్షు కాదు.

లోపల జరిగేదేమిటో చూద్దాము. పెద్ద డ్రమ్ము ఒకటి నిమిషానికి సుమారు 50 మార్లు తిరుగుతుంది. ముప్పావుగంటలో 2,250 చుట్లు. పైన చెప్పిన 3,679 వాయిలకు 82 లక్షల చుట్లకు పైగా తేలుతుంది. ఆ డ్రమ్మును క్రిందనుండి చిన్నచిన్న చక్రాలు మోస్తాయి. డ్రమ్ము వాటికంటె ఎనిమిది రెట్లు పెద్దదనుకుంటే, డ్రమ్ము ఒకమారు తిరిగేసరికి చిన్నచక్రం ఎనిమిదిమార్లు తిరగాలి. అంటే ఆరున్నర కోట్ల చుట్లు! కీచుమనే శబ్దం అక్కడినుండే వస్తుందంటే ఆశ్చర్యమేమున్నది? డ్రమ్ము చుట్టూ బెల్టు ఒకటి, దానిని బిగువుగా పట్టివుంచే చిన్న కప్పీ ఒకటి, ముందువెనుకల గాలి జారిపోకుండా ఫెల్టు పట్టీలు. ఇవన్నీ అరగడానికే పుట్టిన భాగాలు. వీటిని మార్చడం చెప్పుకు అట్ట వేయించడం వంటిది. యంత్రం చచ్చినట్లు కాదు.

మా బంధువులలో ఒకరింట టెక్సాస్‌లో 17 ఏండ్లుగా ఒకే యంత్రం నడుస్తున్నది. మధ్యలో ఒకనాడు మోటారు మ్రోగుతున్నా డ్రమ్ము కదలలేదు. వచ్చిన మెకానిక్కు పెదవి విరిచి, పాతదైపోయింది, కొత్తది కొనండి అన్నాడట. ఇంటాయన వెనుకపలక విప్పి చూస్తే బెల్టు తెగి పడివున్నది. కొత్త యంత్రం ఖరీదుతో పోలిస్తే బెల్టు ఖరీదు చెప్పుకోదగినది కాదు.

డ్రమ్ము తిరుగుతున్నది, వేడి రావడంలేదు అన్నప్పుడు కూడా తొందరపడకూడదు. అమెరికాలోని విద్యుత్ యంత్రాలలో మోటారు 120 వోల్టులతో, వేడిచేసే తీగె 240 వోల్టులతో పనిచేస్తాయి. రెండు లైన్లలో ఒకటి పోతే మోటారు తిరుగుతూనే ఉంటుంది, బట్టలు మాత్రం చల్లగా ఉంటాయి. ముందు ఇంటి స్విచ్చిబోర్డు చూసుకోవాలి. అక్కడ లోపం లేకపోతే ఉష్ణఫ్యూజు మాడివుండవచ్చు. గాలి సరిగా పోక లోపల వేడి హద్దు మీరితే ఆ ఫ్యూజు ఆత్మార్పణ చేసి ఇంటిని కాపాడుతుంది. దానిని మార్చి ఊరకుంటే మళ్లీ మాడుతుంది. మాడడానికి కారణమైన గొట్టాన్ని శుభ్రం చేయాలి.

అసలు ఈ యంత్రాన్ని చంపేది తిరుగుడు కాదు, నూగు. బట్టలనుండి రాలే సన్నని పీచును ఒక జల్లెడ పట్టుకుంటుంది. ప్రతి వాయికీ ముందు దానిని తుడవాలి. జల్లెడ తప్పించుకున్న నూగు గొట్టంలో పేరుకుంటుంది. అమెరికా గృహనిర్మాణ నిబంధనల ప్రకారం నాలుగంగుళాల ఆ గొట్టం 35 అడుగులు మించరాదు. మామూలు నిలువు మలుపు ఒక్కొక్కదానికి ఐదడుగులు తగ్గించి లెక్కించాలి. యంత్రాన్ని గోడకు గట్టిగా త్రోసి గొట్టాన్ని నలిపివేసేవారే ఎక్కువమంది. ఊపిరి ఆడని యంత్రం ఒక గంట పని రెండుగంటలు చేస్తుంది. అంటే దాని వయస్సు రెట్టింపు వేగంతో ఖర్చవుతుంది. బట్టలు మెత్తబడడానికని వేసే పరిమళపు కాగితాలు కూడా జల్లెడపై కంటికి కనిపించని పొర కడతాయి. జల్లెడలో నీరు పోసి చూడండి. నీరు దిగక నిలిచిందంటే సబ్బుతో కడిగి, పూర్తిగా ఆరిన తరువాతనే తిరిగి పెట్టాలి.

ఇది కేవలం పొదుపు సంగతి కాదు, ప్రాణాల సంగతి. అమెరికా అగ్నిమాపక పరిపాలనశాఖ లెక్కల ప్రకారం 2008 నుండి 2010 వరకు ఇండ్లలో ఈ యంత్రాలవలన ఏటా సుమారు 2,900 అగ్నిప్రమాదాలు జరిగాయి. ఏటా ఐదుగురు మరణించారు, వందమంది గాయపడ్డారు. వాటిలో 34 శాతానికి కారణం శుభ్రం చేయకపోవడమే. ఇంగ్లండులో జరిగింది మరొక రకం. వర్ల్‌పూల్ సంస్థ 2004 మొదలు 2015 వరకు అమ్మిన యంత్రాలలో 50 లక్షలకు పైగా యంత్రాలకు వేడితీగెను నూగు తాకి అంటుకొనే ప్రమాదమున్నదని 2015లో వెల్లడయింది. మొదట, మనుష్యులు దగ్గరవుండి వాడుకోవచ్చునన్నారు. 2016 ఆగస్టులో లండనులోని షెపర్డ్స్ బుష్‌లో ఒక ఎత్తైన భవనం అటువంటి యంత్రం మూలంగా అంటుకున్నది. 2017లో, సరిదిద్దేవరకు వాడవద్దు, ప్లగ్గు తీసివేయండి అని సలహా మార్చారు. 2019లో, అప్పటికీ సరిచేయని యంత్రాలను వెనుకకు పిలిచారు. అవి 5 లక్షల వరకు ఉండవచ్చునని అంచనా. బ్రిటనులో ఉన్న మన పిల్లలు అద్దె ఇంట పాత యంత్రం చూస్తే దాని మోడలు సంఖ్యను ఒకమారు సరిచూసుకోవడం మంచిది.

మనవారికి ప్రత్యేకించి చెప్పవలసిన మాట ఒకటున్నది. పండుగనాడు తలంట్లు పోసుకొని, నువ్వులనూనె ఓడే తువ్వాళ్లను ఉతికి ఈ యంత్రంలో వేస్తారు. ఉతికినా నూనె పూర్తిగా వదలదు. నూనె పట్టిన గుడ్డ వేడెక్కి, గాలిలోని ప్రాణవాయువుతో కలిసి తనంతటతానే మరింత వేడెక్కగలదు. బయటకు తీసి కుప్పగా పోసిన తరువాత కూడా రాజుకొనవచ్చు. వంటింటి మసిగుడ్డలకూ ఇదే వర్తిస్తుంది. అటువంటివాటిని ఈ యంత్రంలో వేయనేకూడదు. ఇతర బట్టలకు కూడా చివర పది నిమిషాలు చల్లనిగాలి ఆడే ఘట్టమున్నది. తొందరపడి ఆ ఘట్టానికి ముందే యంత్రాన్ని ఆపడం మంచిది కాదు. ఇక పట్టుచీర, జరీ పంచె సంగతి వేరే చెప్పనక్కరలేదు. జల్లెడలో చేరే ఆ నూగు మరేదో కాదు, మన బట్టే!

పారవేయడమా, ఉంచడమా అన్న ప్రశ్నకు నా అభిప్రాయమిది. చక్రాలు, బెల్టు, ఫ్యూజు, వేడితీగె పోతే పదిహేనేండ్ల యంత్రాన్నైనా బాగుచేయించవచ్చు. మోటారు పోయినా, డ్రమ్ము ఇరుసు అరిగి ఇనుము ఇనుముతో రాచుకుంటున్నా, మరమ్మతు ఖర్చు కొత్తదాని ధరలో సగం దాటితే ఇక మమకారం విడవాలి. కొత్త యంత్రాలలోని ఎలక్ట్రానిక్ పలకలు ఖరీదైనవి. పాతవాటి మీటలు, గడియారపు ముళ్లు మొరటువైనా బాగుచేయడానికి సులభం. పాతవాటి మన్నికను గూర్చి జనం చెప్పుకొనేదానిలో నిజం లేకపోలేదు.

కొత్తది కొనేవారికి మరొక రకమున్నది. కిలో నీరు ఆవిరి కావడానికి దాదాపు 0.63 యూనిట్ల విద్యుచ్ఛక్తి కావాలి. పాతరకం యంత్రం ఆ వేడిని గొట్టం గుండా వీధిలోకి వదలివేస్తుంది. హీట్ పంపు యంత్రం, రిఫ్రిజిరేటరులోని కంప్రెసరు వంటిదాని సాయంతో, ఆ వేడినే మళ్లీ పట్టి వాడుకుంటుంది. ఖర్చు సుమారు సగానికి తగ్గుతుంది, బట్టలకు తగిలే వేడీ తక్కువే, కాలం మాత్రం ఎక్కువ పడుతుంది. 2025 జూలై 1 నుండి ఐరోపా సమాజ దేశాలలో కొత్తగా విపణిలోకి వచ్చే గృహయంత్రాలు ఈ రకానివే కావలసివచ్చింది. ముఖ్యమైన విడిభాగాలను పదేండ్లపాటు అందుబాటులో ఉంచాలని కూడా నియమించారు. దీనిలో నూగు చేరే చోటు మారింది: సన్నని లోహపు రెక్కల మధ్య చేరుతుంది. అక్కడికి చేయి పోయే వీలున్నదో లేదో కొనేటప్పుడే తలుపు తెరిపించి చూసుకోవాలి. కంప్రెసరు చెడితే బెల్టు మార్చినంత సులువు కాదు.

మోడలు సంఖ్య తరచుగా తలుపు తెరిచినచోట అంచుమీద చిన్న రేకుపై ఉంటుంది. మెకానిక్కును పిలిచేముందు దానిని కాగితంమీద వ్రాసుకొని, శబ్దం ఎటువంటిదో, ఎప్పుడు మొదలైందో, వేడి వస్తున్నదో లేదో టెలిఫోనులోనే చెప్పండి. తగిన భాగం వెంటతెచ్చుకుంటే అతడు రెండవసారి వచ్చినందుకు మీరు రుసుము చెల్లించనక్కరలేదు.