న్యాయపీఠమునకు త్రోవ యెవరికి?
(కూకట్‌పల్లి పఠనమందిర సభలో చేసిన ప్రసంగము)



కూకట్‌పల్లి కోర్టు ముంగిట వాయిదాకై నిలిచిన వానికి సుప్రీం కోర్టు బహుదూరము. అద్దె తగాదాలోనో, చెల్లని చెక్కు విషయముననో తన మొర నాలకించు జూనియర్ సివిల్ జడ్జియే వానికి ధర్మప్రభువు. ఆ పీఠమున కెవ్వరు, ఏ త్రోవను వచ్చుచున్నారో విచారించుట పౌరధర్మము.

అమెరికాలోని పెక్కు రాష్ట్రములందు విచారణ న్యాయాధిపతులను ప్రజలే వోటు వేసి యెన్నుకొందురు. వోటు కోరువాడు చందా కోరక తప్పదు. చందా యిచ్చిన వాడే రేపు కక్షిదారుడై యెదుట నిలువవచ్చును. మన రాజ్యాంగ మా మార్గము త్రొక్కలేదు. 233వ అధికరణము ననుసరించి జిల్లా జడ్జీలను గవర్నరు హైకోర్టును సంప్రదించి నియమించును. క్రింది జడ్జీల నియామకము 234వ అధికరణము క్రింద నేర్పడిన నియమముల ప్రకారము జరుగును. వారిపై అదుపును 235వ అధికరణము హైకోర్టున కొసంగినది. వోటుకంటె పరీక్షయే మేలని మా నిశ్చయము.

అయినను గ్రంథజ్ఞాన మొక్కటియే చాలునా? 2002లో తొలగిన మూడేండ్ల వకీలు వృత్తి నిబంధనను సుప్రీం కోర్టు 2025 మే 20వ తేదీన మరల విధించినది. సాక్షి తడబాటును, కక్షిదారుని కన్నీటిని దగ్గరనుండి యెరుగనివాడు తీర్పు చెప్పుటకు తగడనుట సబబే. ఆ సూత్రమును మేము హర్షించుచున్నాము.

కాని యా మూడేండ్లు యువ వకీలునకు గ్రాస మెవరు పెట్టుదురు? జూనియర్లకు పట్టణములందు నెలకు 20,000, గ్రామములందు 15,000 రూపాయలకు తగ్గకుండ నీయవలెనని 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా తెలిపినది. అది సూచనయే గాని శాసనము కాదు. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము క్రొత్త వకీళ్లకు మూడేండ్లపాటు నెలకు 5,000 రూపాయలిచ్చు ‘లా నేస్తము’ నారంభించినది. మొత్తము స్వల్పమే కావచ్చును. మనసున్నచో మార్గము గలదని మాత్రము దానివలన తేలినది.

తండ్రి యాస్తి గలవాడు మూడేండ్లు వేచియుండగలడు. కూలివాని కూతురో, మొదటి యేడే నల్లకోటు విప్పి హైటెక్ సిటీలో నౌకరీ వెదకుకొనును. అనుభవము కొరకు పెట్టిన నిబంధన ధనవంతులకు ద్వారమై, దరిద్రులకు గోడ కారాదు. జడ్జీ కాగోరువారి నుండి మూడేండ్ల సేవ కోరు రాజ్యము ఆ మూడేండ్ల భృతికిని బాధ్యత వహింపవలయును. తెలంగాణ ప్రభుత్వమును, వకీళ్ల సంఘములను మనము గట్టిగా నడుగవలసిన దిదియే. పేదవాని బాధ యెరిగినవారు సైతము పీఠముపై నున్నపుడే గదా, పేదవానికి న్యాయస్థానముపై నమ్మిక నిలుచును!