గ్లాసు మీద రూపాయి బిళ్ల
(ఉపకార వేతనాల సభలో చేసిన ప్రసంగం)

 

హోసూరు ప్రాంతంలో ముప్పై ఏళ్లు సైన్సు చెప్పాను. మొదట్లో జడత్వం పాఠమంటే నిర్వచనం రాయించడమే. తమిళంలో 'నిలైమం', ఇంగ్లీషులో 'ఇనర్షియా' అని మన పిల్లలు గడగడా ఒప్పజెప్పేవారు. ఒక కుర్రవాడు పరీక్షలో ఆ నిర్వచనాన్ని పొల్లు పోకుండా రాశాడు. ఆ వారమే టౌను బస్సు ఆగకముందే వెనక్కు తిరిగి దిగబోయి, వెల్లకిలా పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. కాళ్లు నేల తాకి ఆగాయి, ఒళ్లు మాత్రం బస్సు వేగంతోనే పోయింది. వాడికి పాఠం రాలేదా, నాకు చెప్పడం రాలేదా అని చాలా రోజులు బాధపడ్డాను.

అప్పటినుంచి ముందు ప్రయోగం, తర్వాతే నిర్వచనం.

గ్లాసు మీద పాత శుభలేఖ అట్ట, దాని మీద రూపాయి బిళ్ల పెట్టండి. అట్టను వేలితో చటుక్కున మీటితే అది ఎగిరిపోతుంది, బిళ్ల గ్లాసులో పడుతుంది. అందరూ ఇక్కడే చప్పట్లు కొట్టి లేచిపోతారు. అట్టను మెల్లగా లాగడం కూడా చేయించండి. ఈసారి బిళ్ల అట్టతో పాటే వస్తుంది. బిళ్లను కదిలించడానికి రాపిడికి తగినంత సమయం దొరికిందన్నమాట.

నాకిష్టమైనది కోడిగుడ్డు ప్రయోగం. (శాకాహారులు మన్నించాలి.) పచ్చిది ఒకటి, బాగా ఉడికినది ఒకటి పళ్లెంలో బొంగరంలా తిప్పండి. తిరుగుతుండగా వేలితో ఒక్క క్షణం ఆపి వదలండి. ఉడికినది అలాగే ఆగిపోతుంది. పచ్చిది మళ్లీ తిరగడం మొదలుపెడుతుంది! పెంకు ఆగినా లోపలి సొన ఆగలేదు. 1687లో న్యూటన్ 'ప్రిన్సిపియా'లో మొదటి నియమంగా చెప్పింది ఈ సంగతే. బస్సు దిగిన మా కుర్రవాడి కాళ్లు పెంకు, ఒళ్లు సొన.

అమ్మలకు ఒక మనవి. గుడ్డు దండగ అనకండి, పగిలితే అట్టు వేసుకోవచ్చు. తిప్పే ముందు "ఏమవుతుందిరా?" అని అడగండి. తప్పు చెప్పినా వెంటనే దిద్దకండి, గుడ్డే చెబుతుంది.

ఇదిగో, రెండు గుడ్లు తెచ్చాను. ఏది ఉడికిందో నేనూ గుర్తు పెట్టుకోలేదు. ముందు వరుసలోంచి ఎవరైనా ఒకరు పైకి రండి.