ఫ్రెడ్ ఆర్చర్ - ఒక రౌతు కథ



రౌతు కొద్దీ గుర్రం అన్నారు మన పెద్దలు. ఎక్కినవాడి సత్తాను బట్టే గుర్రం పరుగు అని అర్థం. ఆ మాటకు అచ్చంగా సరిపోయిన రౌతు ఒకడు విక్టోరియా రాణి కాలంలో ఇంగ్లండులో ఉండేవాడు. పేరు ఫ్రెడ్ ఆర్చర్. బతికింది 29 ఏళ్లే. బెంగుళూరులోనో, చెన్నై గిండీలోనో గుర్రప్పందేలు చూసినవారికి జాకీ అనే మాట కొత్త కాదు. పందేలు కాయమని చెప్పడానికి రాలేదు సుమండీ. ఆ మనిషి పడిన పాట్లు చెప్పాలని వచ్చాను.

అక్కడ గుర్రప్పందేలు రెండు రకాలు. ఒకటి చదును నేల మీద పరుగు. రెండోది కంచెలూ కందకాలూ దూకిస్తూ సాగేది. జాకీనీ జీనునూ కలిపి తూకం వేస్తారు. తక్కువైతే సీసం బిళ్లలు పెట్టి సరిచేస్తారు. ఎక్కువైతే ఆ భారమంతా గుర్రమే మోయాలి. కంచెల పందెంలో గుర్రం 10 స్టోన్లు, అంటే సుమారు 63న్నర కిలోలు, ఆపైన మోయడం మామూలే. చదును పందెంలో బరువులు బాగా తక్కువ. ఈ తేడాను కాస్త గుర్తుంచుకోండి.

ఆర్చర్ పుట్టింది 1857 జనవరిలో, చెల్టెన్‌హామ్‌లో. తండ్రి విలియం కంచెల పందేల జాకీ. 1858లో లిటిల్ చార్లీ అనే గుర్రం మీద గ్రాండ్ నేషనల్ గెలిచాడు. అన్నగారిదీ అదే దారి. 1878లో చెల్టెన్‌హామ్ పందెంలోనే పడి చనిపోయాడు. మన ఫ్రెడ్‌ను మాత్రం 11వ ఏట న్యూమార్కెట్‌లో మాథ్యూ డాసన్ అనే శిక్షకుడి దగ్గర పనికి పెట్టారు. విచిత్రమేమంటే, అతని మొదటి గెలుపు కూడా కంచెల పందెంలోనే, 1869లో బాంగర్ అనే ఊళ్లో. మరుసటి ఏడు చదును పందెంలో బోణీ కొట్టాడు. ఆ తరువాత చదును నేలే అతని లోకమైంది.

1872లో సీజరవిచ్ పందెం గెలిచినప్పుడు అతను మోయించిన బరువు 35 కిలోలు. అప్పటికి 15 ఏళ్ల కుర్రాడు. ఆ తరువాత సాగాడండీ, సాగాడు! 5 అడుగుల 10 అంగుళాల మనిషయ్యాడు. చలికాలంలో పందేలు లేనప్పుడు 70 కిలోల దాకా తూగేవాడు. తండ్రీ అన్నా నడిచిన కంచెల దారికి ఆ ఒళ్లు చక్కగా సరిపోయేది. కానీ పేరూ డబ్బూ చదును పందేల్లోనే ఉన్నాయి. డబ్బంటే అతనికి కాస్త మక్కువ అని లోకం చెప్పుకునేది కూడా.

మరి ఆ ఒళ్లు తగ్గేదెలా? ఉదయం ఆముదం, మధ్యాహ్నం ఒక బిస్కెట్టు, అర గ్లాసు షాంపేన్. ఇంట్లో సొంతంగా కట్టించుకున్న ఆవిరి గదిలో చెమటలు పట్టించుకోవడం. ఇవి చాలక ఒక వైద్యుడు కలిపి ఇచ్చిన గట్టి విరేచనాల మందు. ఏకాదశి ఉపవాసం మనకు పక్షానికి ఒకసారి. అతనికి పందేల కాలమంతా ఏకాదశే.

ఫలితం మాటకొస్తే, 1874 మొదలు 1886 దాకా వరుసగా 13 ఏళ్లు అందరికన్నా ఎక్కువ పందేలు గెలిచిన జాకీ అతనే. మొత్తం 2,748 గెలుపులు, అందులో 5 డెర్బీలు. 1885 ఒక్క ఏడాదిలోనే 246. ఆ లెక్క దాటడానికి 1933లో గోర్డన్ రిచర్డ్స్ రావలసి వచ్చింది.

1880 డెర్బీ సంగతి చెప్పాలి. అంతకు కొన్ని వారాల ముందు మ్యూలీ ఎడ్రిస్ అనే గుర్రం అతని చేతిని కరచి పట్టి, కింద పడేసి మీద కూర్చోబోయింది. కాలు జారి అది పారిపోబట్టి ప్రాణం దక్కింది. ఊరికే కూర్చున్న ఆ రోజుల్లో ఒళ్లు వచ్చింది. దాన్ని దించుకుని, చేతికి ఇనుప కట్టు కట్టుకుని, బెండ్ ఆర్ మీద పందేనికి దిగాడు. ఒక్క తల తేడాతో గెలిచాడు.

1883లో డాసన్ గారి అన్నదమ్ముల బిడ్డ హెలెన్ రోజ్‌ను పెళ్లాడాడు. మొదటి బిడ్డ దక్కలేదు. 1884 నవంబరులో ఆడపిల్లను కని ఆవిడా కన్నుమూసింది. ఆర్చర్ మళ్లీ జీను ఎక్కాడు. 1885లో అన్ని పందేలు గెలిచింది ఈ దుఃఖం మీదనే.

1886 అక్టోబరులో కేంబ్రిడ్జ్‌షైర్ పందెం. అతనికి చేతికందకుండా పోతున్న పెద్ద పందెం అది. సెంట్ మిరిన్ గుర్రం మోయవలసింది 8 స్టోన్ల 6 పౌన్లు, సుమారు 53న్నర కిలోలు. మూడు రోజులు అన్నం ముట్టలేదు. అయినా తూకంలో ఒక పౌను ఎక్కువే వచ్చింది, అర కిలో కూడా కాదు. పందెం పోయింది, ఒక్క తల తేడాతో. ఆ పౌనే ఓడించిందని నేను అనను. ఆ మనిషి మాత్రం అది మరచిపోగలిగి ఉండడు.

తరువాత కొన్ని రోజులకు జ్వరం వచ్చింది. టైఫాయిడ్ అన్నారు. చిక్కి సగమైన ఒళ్లు దాన్ని తట్టుకోలేకపోయింది. నవంబరు 8న, జ్వరంతో మతి చలించిన స్థితిలో, తన ప్రాణం తానే తీసుకున్నాడు. అక్క పక్క గదిలో కాదు, ఆ గదిలోనే ఉంది. ఆపబోయింది, కుదరలేదు.

కూతురు నెల్లీ రోజ్‌కు అప్పటికి రెండేళ్లు.

సెలవు.