ఎర్రరంగు - మన కంచం
(శాఖా వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం గురించి, ఖాళీ పోస్టుల గురించి నాకు ముందు మాట్లాడిన మిత్రులు చెప్పవలసినదంతా చెప్పియున్నారు. మీ అనుమతితో నేను వేరొక విషయం ప్రస్తావిస్తాను. విని కొందరు నవ్వవచ్చును. అది పీచుమిఠాయికి వేసే రంగు.

2024 ఫిబ్రవరిలో తమిళనాడు ప్రభుత్వం పీచుమిఠాయి అమ్మకాన్ని నిషేధించినది. పరీక్షించిన నమూనాలలో రోడమిన్-బి బయటపడుటయే కారణం. ఇది బట్టలకు, కాగితానికి వేసే అద్దకపు రంగు. తినే వస్తువులలో వాడుటకు మన దేశంలో దీనికి అనుమతి లేదు. మరుసటి నెలలో కర్ణాటక ప్రభుత్వం గోబీ మంచూరియాలో కృత్రిమ రంగుల వాడకాన్ని నిషేధించినది. చిటికెడు పొడితో గంగాళమంతా ఎర్రబడును, ధర స్వల్పం, పొయ్యి వేడికి వెలవెలబోదు. లాభం కోరేవానికి ఇంకేమి కావలెను?

ఇక అనుమతి ఉన్న కృత్రిమ ఎరుపు రంగులలో పోన్సో 4ఆర్, కార్మోయిసిన్, ఎరిత్రోసిన్ ఉన్నవి. ఇవి సైతం నిబంధనలలో పేర్కొన్న పదార్థాలలోనే వాడవలెను. సాధారణ పరిమితి కిలోకు 100 మిల్లీగ్రాములు. మనం ఇష్టపడే ఎర్ర బిర్యానీ ఆ పట్టికలో లేదు!

ఎరిత్రోసిన్ కథ వినదగినది. అమెరికాలో 1990లో దీనిని సౌందర్య సాధనాలలో నిషేధించినారు. పెదవులకు పూసుకొనరాదన్నారు, కాని మింగుటకు అనుమతి నిలిచియే ఉన్నది! ఆహారంలో ఆ అనుమతిని 2025 జనవరిలో గాని రద్దు చేయలేదు. నిజం చెప్పవలెనంటే, అధిక మోతాదు ఇచ్చిన మగ ఎలుకలకు కంతులు వచ్చినవి గాని, అదే తీరున మనుషులకు వచ్చునని అక్కడి అధికారులు కూడ అనలేదు. జంతువులలో క్యాన్సర్ కలిగించే రంగును అనుమతించరాదని 1960 నాటి చట్టం శాసించుచున్నది, అంతే. భయపెట్టుట నా ఉద్దేశం కాదు. చట్టం స్పష్టంగా ఉండి కూడ ముప్పది అయిదేండ్లు పట్టినది సుమా!

మన సంగతికి వస్తాను. కొన్నేండ్ల క్రితం ఒక క్యాంటీన్ వంటగదిలో పేరు గాని, లైసెన్సు నంబరు గాని లేని ఎర్రపొడి పొట్లం నా కంటబడినది. వంటవానిని అడిగితే "బజారులో ఇచ్చినారండీ" అన్నాడు. అతనిపై నాకు కోపం రాలేదు. ప్లాట్‌ఫారం మీద మిఠాయి అమ్ముకొనే కుర్రవాడు కూడ మనవంటి బీదవాడే. పట్టుకొనవలసినది ఆ పొట్లం కట్టి పంపిన టోకు వ్యాపారిని.

2006 నాటి ఆహార భద్రతా చట్టం 40వ సెక్షను ప్రకారం కొనుగోలుదారు ఎవరైనను, అమ్మినవానికి ముందుగా తెలిపి, రుసుము చెల్లించి, నమూనాను ప్రభుత్వ విశ్లేషకునిచే పరీక్షింపజేయవచ్చును. దోషం తేలినచో రుసుము వాపసు వచ్చును. రైల్వే ఆవరణలకు రైల్వే వారి ఆహార భద్రతాధికారులు వేరుగా ఉన్నారు. వారికి వ్రాతమూలకంగా ఫిర్యాదు చేసి, రసీదు తీసుకొనండి. నోటిమాట చాలదు.

కావున నా తీర్మానం ఇది: ఈ మూడు నెలలలో ప్రతి శాఖ తన క్యాంటీన్ నుండి ఒక నమూనా పరీక్షకు పంపవలెను, రుసుము శాఖా నిధి నుండి చెల్లించవలెను. కోశాధికారిగారు తల అడ్డంగా ఊపుచున్నారు. వారి అభ్యంతరం ముందు విందాము.