పనికి వెళ్ళేవారి సద్దిలో కండను పెంచే ఆహారం

(వార్డుల్లో ఉన్న రోగుల బంధువులకు చేసిన ఆరోగ్య ప్రసంగం)



మీలో చాలామంది రేపో ఎల్లుండో మీవారిని ఇంటికి తీసుకువెళ్తారు. డాక్టరు గారు మందుల చీటీ రాసి ఇస్తారు. ఏ మాత్ర ఎప్పుడు వేయాలో నర్సమ్మ వివరంగా చెబుతుంది. ఆ చీటీలో రాయని విషయం ఒకటి ఉంది. కొన్నాళ్ళకు మనిషి తిరిగి పనికి వెళ్తాడు. ఆ రోజు అతని క్యారేజీలో ఏం ఉండాలి? ఈ రోజు మనం దాని గురించే మాట్లాడుకుందాం.

మన భద్రాచలం చుట్టుపక్కల పనులు ఎలాంటివో మీకు తెలుసు. జనవరి నుంచి మిరప తోటల్లో కాయ ఏరాలి. ఎండాకాలంలో తెల్లవారకముందే అడవిలోకి వెళ్ళి తునికాకు కోయాలి. జామాయిల్ కర్ర నరకాలి, లారీకి ఎత్తాలి. సారపాక, మణుగూరు వైపు వెళ్ళేవారికి షిఫ్టు పని. వీటన్నిటికీ కావలసింది కండబలం. జబ్బు మొదట తినేసేది కూడా కండనే.

కండ ఎందుకు కరుగుతుంది?

జ్వరం వచ్చినప్పుడు శరీరానికి ఎక్కువ శక్తి కావాలి. ఆకలి మాత్రం చచ్చిపోతుంది. అప్పుడు శరీరం తన కండనే కరిగించి వాడుకుంటుంది. మంచం మీద కదలకుండా ఉంటే మరింత కరుగుతుంది. ఏ జబ్బూ లేని పెద్దవయసు వారిని 10 రోజులు మంచం మీదే ఉంచి అమెరికాలో ఒక పరిశీలన చేశారు. 2007లో దాని ఫలితాలు వెలువడ్డాయి. ఆ 10 రోజుల్లోనే వారి కాళ్ళలోని కండ సుమారు 1 కిలో తగ్గింది. మరి క్షయతో రెండు మూడు నెలలు దగ్గి, జ్వరపడి, తిండి మానేసిన మనిషి సంగతి మీరే ఆలోచించండి.

పోయిన కండ తిరిగి రావాలంటే మూడు కావాలి. మాంసకృత్తులు ఉన్న ఆహారం, కడుపు నిండా తిండి, కొద్దికొద్దిగా పెంచుతూ చేసే పని. తిండి చాలకపోతే తిన్న మాంసకృత్తులు కూడా పొయ్యిలో కట్టెల్లా శక్తి కోసమే కాలిపోతాయి. అందుకే అన్నం తగ్గించి గుడ్డు పెడితే సరిపోదు. అన్నమూ ఉండాలి, గుడ్డూ ఉండాలి.

ఎంత కావాలి?

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం ఆరోగ్యంగా ఉన్న పెద్దవారికి రోజుకు ప్రతి కిలో బరువుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. క్షయ రోగులకు మాత్రం కిలోకు 1.2 నుంచి 1.5 గ్రాములు ఇవ్వాలని మన దేశంలో 2017లో వచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. అంటే 45 కిలోల మనిషికి రోజుకు 54 నుంచి 67 గ్రాములు.

ఇప్పుడు మన క్యారేజీ మూత తీసి చూద్దాం. సాధారణంగా అందులో అన్నం, పచ్చడి, పైన కొంచెం చారు ఉంటాయి. 100 గ్రాముల బియ్యం వండితే అందులో మాంసకృత్తులు 7 గ్రాములు. పచ్చడిలో దాదాపు ఏమీ లేవు. పలుచటి చారులో ఉన్నవీ తక్కువే. ఎంత అన్నం కూరినా లెక్క అందదు. కడుపు నిండుతుంది కానీ కండ నిండదు.

ఆదివారం కోడికూర తింటున్నాం కదా అని కొందరు అంటారు. మంచిదే. అయితే శరీరం మాంసకృత్తులను కొవ్వులాగా నిల్వ పెట్టుకోలేదు. ఆదివారం తిన్నది గురువారం దాకా ఆగదు. రోజూ, పూటపూటకూ కొంచెం అందాలి. పని చేసేవారికి రెండు పూటల తిండి పనిచోటే జరుగుతుంది కాబట్టి సద్ది అంత ముఖ్యం.

మనకు అందుబాటులో ఉన్నవి

ఒక కోడిగుడ్డులో 6 గ్రాములు. చారెడు కందిపప్పు, అంటే 40 గ్రాములు వండితే 9 గ్రాములు. గుప్పెడు పల్లీలు, అంటే 30 గ్రాములలో 7 గ్రాములు. అంతే తూకం పుట్నాలలో 6 గ్రాములు. ఉలవలు, బొబ్బర్లు, పెసలు కూడా కందిపప్పుకు సమానమైనవే. వీటిలో ఏదీ పట్నం నుంచి తేవలసిన పని లేదు. అన్నీ మన వారసంతలో దొరికేవే.

అన్నంతో పప్పు కలిపి తినమని పెద్దలు ఊరికే చెప్పలేదు. బియ్యంలో తక్కువైన అంశం పప్పులో ఉంటుంది, పప్పులో తక్కువైనది బియ్యంలో ఉంటుంది. మూడు పాళ్ళ ధాన్యానికి ఒక పాలు పప్పు ఉంటే రెండూ కలిసి శరీరానికి బాగా ఉపయోగపడతాయి.

ముందుగా ఎలా సిద్ధం చేసుకోవాలి?

తెల్లవారి నాలుగు గంటలకు లేచి అన్నీ వండాలంటే ఎవరి వల్లా కాదు. అందుకే పనిని మూడు భాగాలు చేసుకోండి.

1. సంత రోజున, వారానికి ఒకసారి: పల్లీలు దోరగా వేయించి, చల్లారాక మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోయండి. కందిపొడి కొట్టి పెట్టండి. దానితోపాటు ఒక బలమైన పిండి తయారు చేసుకోండి. దీన్ని జాతీయ పోషకాహార సంస్థ వారు బలహీనంగా ఉన్న పిల్లల కోసం రూపొందించారు. హైదరాబాద్ మిక్స్ అని పేరు. గోధుమలు 400 గ్రాములు, శనగలు 160 గ్రాములు, పల్లీలు 100 గ్రాములు విడివిడిగా వేయించి పొడి చేసి, 200 గ్రాముల బెల్లం కలపాలి. ఇది పది సార్లకు వస్తుంది. ఒక్కోసారికి దాదాపు 330 కేలరీలు, 10 గ్రాములకు పైగా మాంసకృత్తులు అందుతాయి. పొట్లం కట్టి ఇస్తే పనిచోట మంచినీళ్ళతో కలుపుకొని తినవచ్చు. పొయ్యి అవసరం లేదు.

2. ముందు రాత్రి: ఉలవలో బొబ్బర్లో నానబెట్టండి. ఆకుకూర ఏరి పెట్టండి. క్యారేజీ గిన్నెలు సబ్బుతో కడిగి బోర్లించండి. తడి గిన్నెలో పెట్టిన అన్నం త్వరగా పాడవుతుంది.

3. తెల్లవారి: అన్నం, పప్పు, గుడ్లు అప్పుడే వండండి. గుడాలు ఉడికించి ఉప్పు, ఉల్లిపాయ, నిమ్మరసం కలపండి.

ఎండాకాలపు జాగ్రత్త

వండిన అన్నాన్ని మామూలు వాతావరణంలో రెండు గంటలకు మించి ఉంచవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఉదయం 5 గంటలకు వండినది తోటలో మధ్యాహ్నం 1 గంటకు తింటే ఎనిమిది గంటలు అవుతుంది. మార్చి, ఏప్రిల్ ఎండలో పప్పు పులిసిపోతుంది. అన్నంలో పెరిగే ఒక రకం సూక్ష్మజీవి విషం మళ్ళీ వేడి చేసినా పోదు. అసలే నీరసంగా ఉన్న మనిషికి వాంతులు, విరేచనాలు పట్టుకుంటే నెల రోజుల శ్రమ రెండు రోజుల్లో పోతుంది.

కాబట్టి ఎండాకాలంలో వరుస మార్చండి. పప్పన్నం ఇంట్లోనే వేడిగా తినిపించి పంపండి. గుడ్డు, గుడాలు మొదటి విరామంలోనే తినమనండి. గుడ్డు పెంకు తీయకుండా పంపండి. ఆ తరువాత తినడానికి నిలవుండేవి కట్టండి. అంటే వేయించిన పల్లీలు, పుట్నాలు, పిండి పొట్లం. అన్నమే కావాలంటే చింతపండు పులిహోర చేయండి. పులుపు వల్ల అది మామూలు అన్నం కన్నా కొంత ఆగుతుంది. అయినా వాసన మారితే పారేయవలసిందే. కొబ్బరి కలిపినవి, రాత్రి మిగిలిన కూరలు పంపకండి. క్యారేజీని చెట్టు నీడలో, తడిగుడ్డ చుట్టి పెట్టమనండి.

పల్లీల విషయంలో ఇంకో మాట. ముడతలు పడినవి, బూజు పట్టినవి, చేదుగా ఉన్నవి ఏరి పారేయండి. ఆ బూజులోని విషం కాలేయాన్ని పాడు చేస్తుంది. వేయించినా పూర్తిగా పోదు.

ఒక రోజు లెక్క

45 కిలోల మనిషికి ఇలా చూడండి. ఉదయం ఇంట్లో 100 గ్రాముల బియ్యపు అన్నం, చారెడు పప్పు: 16 గ్రాములు. విరామంలో గుడ్డు, గుప్పెడు పుట్నాలు: 12. మధ్యాహ్నం అంతే బియ్యంతో పులిహోర, గుప్పెడు పల్లీలు: 14. సాయంత్రం పిండి పొట్లం: 10. రాత్రి అన్నం, ముద్దపప్పు: 14. మొత్తం 66 గ్రాములు. ఆకలి ఉంటే అన్నం ఇంకా పెట్టండి, వద్దనకండి.

ఇది ఒక్క రోగి కోసమేనా?

కాదు. ఝార్ఖండ్‌లో 2019 నుంచి 2022 వరకు నాలుగు జిల్లాల్లో 2,800 మంది క్షయ రోగుల కుటుంబాలతో ఒక పెద్ద పరిశోధన జరిగింది. కొన్ని కుటుంబాల్లో రోగికి మాత్రమే ఆహారం ఇచ్చారు. మరికొన్నింటిలో ఇంట్లో ప్రతి మనిషికీ నెలకు 5 కిలోల బియ్యం, ఒకటిన్నర కిలో పప్పు, విటమిన్ మాత్రలు ఇచ్చారు. ఇంటిల్లిపాదికీ ఆహారం అందిన చోట కొత్తగా క్షయ సోకినవారు 39 శాతం తగ్గారు. రోగులలో కూడా మొదటి రెండు నెలల్లో 5 శాతం బరువు పెరిగినవారిలో మరణాలు చాలా తక్కువగా కనిపించాయి. 40 కిలోల మనిషికి 5 శాతం అంటే 2 కిలోలే. నెలకు ఒకటిన్నర కిలో పప్పు అంటే రోజుకు 50 గ్రాములు. ఆ రెండు కిలోలు, ఈ 50 గ్రాములు మన చేతిలో ఉన్నవే.

క్షయ రోగులకు నిక్షయ్ పోషణ్ యోజన కింద ప్రభుత్వం 2018 నుంచి నెలకు 500 రూపాయలు ఇచ్చేది. 2024 నవంబరు నుంచి దాన్ని 1,000 చేశారు. బ్యాంకు ఖాతాలోనే పడుతుంది. మీ పేరు నమోదైందో లేదో ఆశ కార్యకర్తను గానీ, టి.బి. కేంద్రంలో గానీ అడగండి. ఆ డబ్బు గుడ్లకు, పప్పుకు, పల్లీలకు పక్కన పెట్టండి.

రోగి ఆ ఇంటి అమ్మ అయితే

దయచేసి ఈ మాట శ్రద్ధగా వినండి. భర్త జబ్బుపడితే భార్య సద్ది కడుతుంది. భార్య జబ్బుపడి లేచిన నాడు ఆమెకు సద్ది ఎవరు కడతారు? తెల్లవారి లేచి అందరికీ వండి, అందరి క్యారేజీలూ నింపి, చివరికి గిన్నెలో అంటుకున్న అన్నంలో పచ్చడి కలుపుకొని మిరప తోటకు పరుగెత్తేది ఆమే. గుడ్డు మగపిల్లవాడికి, పప్పు మామగారికి. ఆమె బరువు పెరగకపోతే మందు పని చేయలేదని మాకు చెబుతారు. అయ్యా, మందు తన పని తాను చేస్తోంది. ఆమె డబ్బా మాత్రం ఖాళీగా ఉంది. ఇక నుంచి ఇంట్లో మొదట నింపే డబ్బా కోలుకుంటున్న మనిషిది కావాలి. ఆ పని భర్త చేయవచ్చు, అత్తగారు చేయవచ్చు, పదేళ్ళు దాటిన పిల్లలు పల్లీలు పొట్లం కట్టవచ్చు.

మీరు తరచుగా అడిగేవి

బజారులో దొరికే కండలు పెంచే డబ్బా పొడులు కొనమంటారా? అక్కరలేదు. కండలు పెంచడానికి అలాంటి పొడులు వాడవద్దని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార సూచనలు చెబుతున్నాయి. ఆ డబ్బుకు నెలంతా గుడ్లు, పప్పు వస్తాయి. డాక్టరు ప్రత్యేకంగా రాసి ఇస్తే అది వేరే సంగతి.

ఎవరు జాగ్రత్తగా ఉండాలి? మూత్రపిండాల జబ్బు ఉన్నవారు డాక్టరును అడగకుండా పప్పు, గుడ్లు పెంచకూడదు. చక్కెర వ్యాధి ఉన్నవారు పిండిలో బెల్లం కలపకండి. పల్లీలు పడనివారు వాటి బదులు పుట్నాలు వాడండి.

పనికి ఎప్పుడు వెళ్ళవచ్చు? డాక్టరు చెప్పాకే. ఈలోగా ఇంట్లో మంచం మీది నుంచి చేతులు ఊతం లేకుండా లేచి కూర్చోవడం రోజుకు కొన్నిసార్లు చేయించండి. వాకిట్లో నడిపించండి. మొదట తేలిక పని, తరువాత బరువు పని. కదలని కండకు ఎంత పెట్టినా అది పెరగదు.

చివరగా మూడు పనులు గుర్తుపెట్టుకోండి. ఇంటికి వెళ్ళే ముందు మీవారి బరువు ఇక్కడే తూయించి చీటీ మీద రాయించుకోండి. ఈ వారం సంతలో పల్లీలు, పప్పు, గుడ్లు మొదట కొని, మిగతా సరుకులు తరువాత కొనండి. మళ్ళీ చూపించడానికి వచ్చిన రోజు ఆ చీటీ వెంట తెచ్చి బరువు మళ్ళీ తూయించండి. బరువు పెరగకపోతే మొహమాటపడకుండా చెప్పండి. ఎక్కడ లోటు ఉందో కలిసి చూద్దాం.

మీవారు త్వరగా కోలుకొని తమ కాళ్ళ మీద తాము పనికి నడిచి వెళ్ళాలని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాను.