ట్రాక్టరు టైరు సైజు: షాపువాడిని కాదు, చేనును అడగాలి

(మార్కాపురం ప్రాంత రైతుల సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



విత్తనాల గురించి, ఎరువుల గురించి, పంటల బీమా గురించి ఎన్నోసార్లు కూర్చుని మాట్లాడుకున్నాం. ట్రాక్టరు టైరు గురించి మాత్రం ఎన్నడూ మాట్లాడుకోలేదు. అది పంక్చరు షాపు దగ్గర తేలే సంగతిలే అని వదిలేశాం. కానీ 13.6 సైజు వెనక టైర్ల జత కొనాలంటే ముప్పై వేలు దాటుతోంది. ఎకరం కందిలో ఖర్చులు పోను మిగిలేదెంతో మనకు తెలుసు. కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

మనలో ట్రాక్టరు ఉన్నవాళ్లు తక్కువ, కిరాయికి పిలిచేవాళ్లు ఎక్కువ. టైరు సంగతి మాకెందుకు అని కౌలు రైతులు అనుకోవద్దు. గంటకింత అని కిరాయి కట్టేటప్పుడు అరిగిపోయిన టైరు చేలో గిర్రున తిరుగుతుంటే ఆ గంటలు పడేది మన లెక్కలోనే. డీజిలు బండివాడిది, గంట మనది. ఇద్దరికీ నష్టమే.

ముందు ఆ అంకెలు చదవడం నేర్చుకుందాం. టైరు పక్కన 13.6-28 అని ఉంటుంది. మొదటిది టైరు వెడల్పు, రెండోది అది కూర్చునే రిమ్ము వ్యాసం. రెండూ అంగుళాల్లోనే. 40, 45 హెచ్.పి. బండ్లకు ఎక్కువగా వచ్చేది ఈ సైజే. 50 హెచ్.పి. ఆ పైన బండ్లకు 14.9-28, ఇంకా పెద్ద వాటికి 16.9-28 వస్తాయి. రేడియల్ టైర్ల మీద ఇదే సంగతి మిల్లీమీటర్లలో ఉంటుంది. 340/85 ఆర్ 28 అంటే మన 13.6-28కి సమానం. పి.ఆర్. అంటూ 12 అనో మరొకటో రాసి ఉంటుంది, అది టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే గుర్తు.

ఇక మాలో ఒకరికి జరిగింది చెబుతాం. గిద్దలూరు వైపు సభ్యుడు. 45 హెచ్.పి. బండి. 13.6 టైర్లు నున్నగా అరిగిపోతే కొత్తవి కొనడానికి వెళ్లాడు. వెడల్పు ఎక్కువైతే పట్టు ఎక్కువ, 16.9 వేసుకో అన్నారు షాపులో. పాత రిమ్ములు చాలవు కాబట్టి రిమ్ములూ మార్చాల్సి వచ్చింది. అప్పు అయితే అయిందిలే అనుకున్నాడు. ఊళ్లోకి వస్తే బండి ఏనుగులా ఉంది, అందరూ చూశారు. జీపులకు లావు టైర్లు వేసుకుని తిరిగే కుర్రాళ్ల సరదా మన ట్రాక్టర్లకూ అంటుకుంది మరి.

మొదటి దుక్కిలోనే తేడా తెలిసింది. ఇంతకు ముందు ఏ గేరులో గొర్రు సులువుగా లాగేదో, ఇప్పుడు ఆ గేరులో ఇంజను మూలుగుతోంది. కారణం పెద్ద రహస్యం కాదు. 13.6-28 టైరు ఎత్తు సుమారు 131 సెంటీమీటర్లు, 14.9 అయితే సుమారు 136, 16.9 అయితే 143. ఇంజను అదే, గేర్లు అవే. చక్రం ఎత్తు వందకు తొమ్మిది పెరిగితే అదే గేరులో బండి వేగం అంత పెరుగుతుంది, లాగే బలం దాదాపు అంతే తగ్గుతుంది. కింద గేరు వేస్తే పని ఆలస్యం, పై గేరు వేస్తే క్లచ్చుకు దెబ్బ. రోటవేటరు వేస్తే ఇంకో ఇబ్బంది. పి.టి.ఓ. తిరిగేది పాత లెక్కనే, బండి మాత్రం ముందుకు గబగబా పోతుంది. దాంతో గడ్డలు సరిగ్గా నలగవు.

బ్రేకుదీ అదే లెక్క. చక్రం పెద్దదైన కొద్దీ అదే బ్రేకు పట్టు తగ్గుతుంది. చదును నేల మీద తెలియకపోవచ్చు. నంద్యాల వైపు ఘాటులో నిండు ట్రక్కుతో దిగేటప్పుడు తెలుస్తుంది. పైగా బండి వెనక భాగం ఆరు సెంటీమీటర్లు లేచింది, ట్రక్కు కొక్కెం ఎత్తు మారింది. నల్లమల అంచున ఏటవాలు చేలల్లో గట్టు ఎక్కి దిగేటప్పుడు ఎత్తు పెరిగిన బండి ఎంత ప్రమాదమో డ్రైవర్లకు చెప్పనక్కర్లేదు. చివరికి ఆ టైర్లు సగం ధరకు అమ్మి మళ్లీ 13.6కే వచ్చాడు. అప్పు మాత్రం మిగిలింది.

పెద్ద టైరు ఎప్పుడూ తప్పేనా? కాదు. నల్లరేగడిలో పెద్ద రోటవేటరు వేసే 50 హెచ్.పి. బండికి, కంపెనీ పుస్తకంలో ఆ మోడలుకు 14.9 కూడా రాసి ఉంటే, అది వేసుకోవచ్చు. వేగం తేడా వందకు నాలుగే. మెత్తటి నేలలో వెడల్పు టైరు తక్కువ దిగుతుంది, మట్టి తక్కువ గట్టిపడుతుంది. పుస్తకంలో లేని సైజు జోలికి మాత్రం పోవద్దు. ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లున్నవాళ్లు మరీ జాగ్రత్త. ముందు చక్రాలు వెనకవాటికంటే కొద్దిగా ముందుగా లాగేలా కంపెనీ గేర్లు కూర్చి ఉంటుంది. వెనక సైజు ఒక్కటే మార్చితే ఆ లెక్క తప్పి, ముందు చక్రాలు లాగడం మానేసి ఈడ్చుకుపోతాయి. టైర్లు త్వరగా అరుగుతాయి, ముందు గేర్లు దెబ్బతింటాయి.

పత్తి, మిరప వేసేవాళ్లకు సమస్య తిరగబడుతుంది. 90 సెంటీమీటర్ల సాలులో 13.6 టైరు నడిస్తే ఇరుపక్కలా 27 సెంటీమీటర్ల చొప్పున మిగులుతుంది. 16.9 అయితే 23. డ్రైవరు చెయ్యి కాస్త వణికిందంటే మొక్క పోయినట్టే. మిరప సాళ్లు ఇంకా ఇరుకు. అంతర సేద్యమే ప్రధాన పని అయితే సన్న టైర్ల చిన్న ట్రాక్టరును కిరాయికి పిలుచుకోవడం మేలు. బత్తాయి తోటల్లోనూ అంతే, కొమ్మలు కిందికి ఉంటాయి.

ఇక మన నేల. ఎర్ర చెలకల్లో పలుగు రాళ్లు, మార్కాపురం చుట్టూ దారుల్లో పలకల క్వారీల వ్యర్థం. పలక ముక్క కత్తిలాంటిది, టైరు పక్క గోడను కోస్తుంది. సర్కారు తుమ్మ ముళ్లు ముందు టైర్లను వదలవు. అన్నిటికంటే ఎక్కువ టైర్లను తినేది మనం పట్టించుకోని కంది, పత్తి మోళ్లు. కొడవలితో ఏటవాలుగా కోసిన మోడు ఎండితే ఈటె మొన అవుతుంది. మోళ్లు తీసేశాకే బండి దించాలి. అంత తీరిక లేకపోతే చక్రం సాళ్ల మధ్యన నడవాలి. ఇలాంటి చోట్ల సైజు కంటే పి.ఆర్. ఎక్కువ ఉన్న టైరు మేలు. కంభం చెరువు ఆయకట్టులో దమ్ము చేసేవాళ్ల సంగతి వేరు. వాళ్లకు కావలసింది లోతు బటన్లు, ఇనుప చక్రాలు. ఆ ఇనుప చక్రాలతో తారు రోడ్డు ఎక్కవద్దని మాత్రం మళ్లీ చెబుతున్నాం, ఆ రోడ్డు మనదే.

మన బండ్లు ఏడాదిలో చాలా రోజులు ఉండేది చేలో కాదు, రోడ్డు మీద. వేసవిలో నీళ్ల ట్యాంకర్లు లాగుతాయి. ఐదు వేల లీటర్ల నీళ్లంటేనే ఐదు టన్నులు, ట్యాంకరు బరువు అదనం. 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ నీళ్లు ప్రతి ఊరికీ పారిన రోజున ఈ ట్యాంకర్ల పని తప్పుతుంది, టైర్లూ మిగులుతాయి. అందాకా గాలి చూసుకోవాలి. చేలో వెనక టైర్లకు 12 నుంచి 14 పాయింట్లు, రోడ్డు మీద బరువుతో 18 దాకా. బండి పుస్తకంలో వేరుగా ఉంటే అదే పాటించండి. చేలో గాలి ఎక్కువుంటే టైరు జారుతుంది, రోడ్డు మీద తక్కువుంటే పక్క గోడలు పగులుతాయి.

కొత్త టైరు కొనే ముందు జారుడు ఎంతో కొలవండి. టైరు మీద సుద్దతో గీత పెట్టి, గొర్రు ఎత్తి పది చుట్లు నడిపి దూరం కొలవండి. గొర్రు దించి అదే చేలో మళ్లీ పది చుట్లు. ముందు 39 మీటర్లు వచ్చి, తర్వాత 33 వస్తే జారుడు వందకు పదిహేను. అక్కడికి ఫరవాలేదు. అంతకు మించితే ముందు టైర్లలో నీళ్లు పట్టించి చూడండి. ముప్పావు వంతు నింపితే 13.6 టైరుకు నూటయాభై కిలోలకు పైగా బరువు చేరుతుంది, ఖర్చు దాదాపు లేదు. అప్పటికీ జారితేనే టైరు మార్చండి.

కొనేటప్పుడు బిల్లు లేకుండా తీసుకోవద్దు. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టరు వెనక టైర్ల మీద, వాటి ట్యూబుల మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. పన్ను కలపని ధర ముప్పై వేలైతే పన్ను 5,400 కాదు, 1,500 మాత్రమే. ఆ 3,900 మన జేబులో ఉండాలి. బిల్లులో పన్ను శాతం చదివి మరీ డబ్బు ఇవ్వండి. టైరు పక్కన నాలుగంకెల తయారీ గుర్తు చూడండి. 2324 అంటే 2024లో 23వ వారం. ఏళ్ల తరబడి గోదాములో ఎండిన టైరును కొత్తదని అంటగట్టే ప్రమాదం ఉంది. తయారీ లోపం ఉండి షాపువాళ్లు పలక్కపోతే ఒంగోలులో జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. బిల్లు పట్టుకుని సంఘం దగ్గరికి రండి, అర్జీ మేం రాసిపెడతాం.